అల్యూమినియం ఇంజన్, బోరు నీళ్లు: పాత జెన్ కూలింగ్ సిస్టమ్ పని డైరీ

బండి 1999 మోడల్ మారుతి జెన్. 993 సీసీ పెట్రోలు ఇంజన్, బ్లాకూ హెడ్డూ రెండూ అల్యూమినియమే. ఉండేది నరసరావుపేటలో. బండి చేతికి వచ్చేటప్పటికి రేడియేటర్‌లో కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరుస్తూ తుప్పు ఆపే ద్రవం) లేదు, బోరు నీళ్లున్నాయి. ట్రాఫిక్‌లో ఆగితే టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కేది, రోడ్డెక్కితే దిగేది. వారానికోసారి పావు లీటరు నీళ్లు తగ్గేవి, కింద మాత్రం చుక్క కనిపించేది కాదు.

పల్నాడు అంటేనే సున్నపురాయి నేల. పిడుగురాళ్ల సున్నం బట్టీలు, మాచర్ల వైపు నాపరాళ్లు అందరికీ తెలుసు. ఆ రాళ్ల మధ్య నుంచి వచ్చే బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆ నీళ్లు అల్యూమినియం ఇంజన్‌ని ఏం చేస్తాయో, దాన్ని ఎలా ఆపాలో కొలతలతో సహా రాస్తున్నాను. ఇదే పని చేయబోయేవాళ్లు ఖర్చు లెక్కలు కూడా చూసుకోవచ్చు.

దశ 1: విప్పక ముందు కొలతలు

ముందు కొలవకపోతే తర్వాత ఏం మారిందో తెలియదు. అందుకే పానా పట్టక ముందు మీటర్లు కొన్నాను.

టీడీఎస్ (నీళ్లలో కరిగిన పదార్థాలు) మీటర్ 350, పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) స్ట్రిప్పులు 180, కూలెంట్ ఎంత కలిసిందో చూపే రిఫ్రాక్టోమీటర్ 1,450. మల్టీమీటర్ ఇంట్లో ఉంది.
ఇప్పటివరకు ఖర్చు: 1,980 రూపాయలు.

బోరు నీళ్ల టీడీఎస్ 1,480. తాగే నీళ్లకు మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. అంటే టీడీఎస్ వరకు చూస్తే, వేరే నీళ్లు లేనప్పుడు వీటిని తాగడానికి ఒప్పుకుంటారు. ఇంజన్ లెక్క వేరు. క్యాటర్‌పిల్లర్ కంపెనీ తన ఇంజన్లలో కూలెంట్ కలపడానికి వాడే నీళ్లకు పెట్టిన హద్దులు ఇవి: మొత్తం కరిగిన పదార్థాలు లీటరుకు 340 మిల్లీగ్రాములు, కాఠిన్యం 170, సల్ఫేటు 100, క్లోరైడు 40. తాగే నీళ్లలో క్లోరైడు 250 ఉన్నా మంచి నీళ్లే. మనిషికి సరిపోయే నీళ్లు అల్యూమినియానికి ఎందుకు సరిపోవో ఈ ఒక్క తేడాలోనే తెలుస్తుంది.

రేడియేటర్ అడుగు ప్లగ్గు విప్పితే డికాషన్ రంగు నీళ్లు 2.9 లీటర్లు వచ్చాయి. పీహెచ్ 8.5 పైనే ఉంది, స్ట్రిప్పు రంగు 8.5కీ 9కీ మధ్య ఆగింది. రిఫ్రాక్టోమీటర్ సున్నా చూపించింది, అంటే కూలెంట్ బొత్తిగా లేదు. నీళ్లను రాత్రంతా సీసాలో ఉంచితే అడుగున ఎర్రమట్టి, దాని మీద తెల్లటి పొడి తేరుకున్నాయి. తెల్లది సున్నం, దాంతోపాటు అల్యూమినియం హైడ్రాక్సైడు. ఇంజన్ అల్యూమినియం అయినప్పుడు ఈ ఎర్ర తుప్పు ఎక్కడిదని అనుమానం వచ్చింది. బ్లాకు వెనక నుంచి వెళ్లే నీళ్ల పైపు, వాటర్ పంపు లోపలి రెక్కలు, బ్లాకుకు కొట్టిన బిళ్లలు ఉక్కువి. ఎర్రది అక్కడిదే.

ఇంకో కొలత వోల్టేజీ, నీళ్లు దించక ముందే తీయాలి. ఇది ఎక్కువమంది చూడరు.

1. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే క్యాప్ తీయాలి. వేడిగా ఉన్నప్పుడు తీస్తే మరిగే నీళ్లు మొహం మీద చిమ్ముతాయి.
2. మల్టీమీటర్ డీసీ 2 వోల్టుల స్థానంలో పెట్టాలి.
3. నల్ల తీగ బ్యాటరీ మైనస్‌కి పెట్టాలి. ఎర్ర తీగ కొనను రేడియేటర్ లోహానికి తగలకుండా నీళ్లలో ముంచాలి.
4. అన్నీ ఆపి ఒకసారి, ఇంజన్, ఫ్యాను, హెడ్‌లైట్లు వేసి ఇంకోసారి చదవాలి.

అన్నీ ఆపితే 0.18 వోల్టులు. అన్నీ వేస్తే 0.46. మెకానిక్కులు పాటించే లెక్క ప్రకారం అల్యూమినియం ఇంజన్లలో ఇది 0.1 లోపు ఉండాలి. పోత ఇనుము ఇంజన్లయితే 0.3 దాకా తట్టుకుంటాయి. అన్నీ ఆపినప్పుడు వచ్చేది నీళ్లలోని లోహాలు బ్యాటరీలా పనిచేయడం వల్ల వచ్చింది. లైట్లు, ఫ్యాను వేయగానే పెరిగిందంటే కరెంటు సరైన ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి) దొరక్క నీళ్ల గుండా పోతోందన్నమాట. రెండూ అల్యూమినియాన్ని తినేవే, మందు మాత్రం వేరు వేరు.

దశ 2: సీసాల పరీక్ష

తెలిసిన మెకానిక్ ఒకాయన ఈ గొడవంతా విని, "మన దగ్గరేమన్నా మంచు గడ్డ కట్టిద్దా సార్, కూలెంట్ దేనికి? నీళ్లు పోస్తే చాలు, ఇంకా బాగా చల్లబడిద్ది" అన్నాడు. ఆయన మాటలో సగం నిజం ఉంది. వేడి మోసే గుణం నీళ్లకే ఎక్కువ. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ ఎంత కలిపితే ఆ గుణం అంత తగ్గుతుంది. అయితే కూలెంట్ డబ్బాలో గ్లైకాల్‌తోపాటు తుప్పు ఆపే మందులు ఉంటాయి. మన ఊళ్లలో కూలెంట్ కొనేది వాటి కోసమే. మాటలతో తేలేది కాదని సీసాల్లో పెట్టి చూశాను.

దీనికి అసలు ప్రమాణం అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎమ్ పెట్టిన డీ1384. అందులో రాగి, ఇత్తడి, టంకం, ఉక్కు, పోత ఇనుము, పోత అల్యూమినియం ముక్కల్ని పరీక్ష ద్రవంలో 88 డిగ్రీల వేడిలో 336 గంటలు ఉంచుతారు, లోపలికి గాలి ఊదుతుంటారు. ఆ ద్రవాన్ని కలిపే నీళ్లలో సల్ఫేటు, క్లోరైడు, బైకార్బనేటు లీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున కావాలనే వేస్తారు. చివర్లో ముక్కలు ఎంత బరువు తగ్గాయో తూస్తారు. ఇంట్లో అంత కుదరదు. కుదిరింది ఇదీ:

1. పగిలిన పాత సిలిండర్ హెడ్డు నుంచి 30 × 20 × 4 మిల్లీమీటర్ల ముక్కలు కోయించాను. అన్నీ ఒకే పోత కాబట్టి పోల్చడానికి పనికొస్తాయి.
2. ప్రతి ముక్కకూ ఇత్తడి రేకు ముక్కను ఉక్కు బోల్టుతో బిగించాను. బండిలో రేడియేటర్ రాగి, ఇత్తడిది కదా, అదే పరిస్థితి కావాలి.
3. హార్లిక్స్ సీసాల్లో ద్రవాలు పోసి, పెద్ద రైస్ కుక్కర్‌లో నీళ్లలో నిలబెట్టి 'వార్మ్' మీద ఉంచాను. థర్మామీటర్ 66 నుంచి 70 డిగ్రీల మధ్య తిరిగింది.
4. సుమారు రెండు వారాలయ్యాక తీసి, మెత్తటి బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, బంగారం పనిచేసే స్నేహితుడి తూకంలో తూచాను. దాని కొలత ఒక మిల్లీగ్రాము దాకా.

అల్యూమినియం ముక్క తగ్గిన బరువు:

బోరు నీళ్లు మాత్రమే: 41 మిల్లీగ్రాములు
ఇంటి ఆర్వో నీళ్లు మాత్రమే: 17
డిస్టిల్డ్ వాటర్ మాత్రమే: 9
బోరు నీళ్లలో 10 శాతం కూలెంట్: 19
బోరు నీళ్లలో 35 శాతం కూలెంట్: 12
డిస్టిల్డ్ వాటర్‌లో 35 శాతం కూలెంట్: 1, అంటే తూకం పట్టగలిగినంత తేడా లేదు

ఈ అంకెలు నా సీసాలకే చెల్లుతాయి, వేరే పోతకూ వేరే నీళ్లకూ మారతాయి. వరుస మాత్రం గమనించండి. శుద్ధమైన నీళ్లు ఒక్కటే పోసినా అల్యూమినియం కరిగింది. మంచి కూలెంట్‌ని బోరు నీళ్లలో కలిపినా కరిగింది. రెండూ కలిసినప్పుడే ఆగింది.

10 శాతం కలిపిన సీసా గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే బయట ఎక్కువమంది చేసేది అదే. అర లీటరు డబ్బా ఒంపి మిగతాది పంపు నీళ్లతో నింపుతారు. బరువు చూస్తే ఉత్త బోరు నీళ్ల కంటే సగమే పోయింది. భూతద్దంలో చూస్తే కథ వేరు. బోరు నీళ్లలో ఉన్న ముక్క అంతటా సమానంగా అరిగింది. 10 శాతం ముక్క చాలాచోట్ల మెరుస్తూనే ఉంది, రెండు మూడు చోట్ల మాత్రం లోతైన గుంటలు పడ్డాయి. మందు చాలీచాలకుండా ఉన్నప్పుడు ఉపరితలంలో ఎక్కువ భాగం కాపాడబడి, దాడి అంతా మిగిలిన చిన్న చోట్ల మీద పడుతుంది. రేడియేటర్ గొట్టం గోడ పలుచన. అది సమానంగా అరిగితే ఏళ్లు పడుతుంది, గుంట పడితే ఒక్క చోట చాలు కారడానికి.

35 శాతం బోరు సీసా అడుగున తెల్లటి జిగురు మడ్డి పేరుకుంది. నేను వాడిన కూలెంట్‌లో ఫాస్ఫేటు ఉంది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం దాన్ని పట్టుకుని అడుక్కి దిగిపోయాయి. అంటే మందు పనిచేయకుండానే ఖర్చైపోయింది, పైగా ఆ మడ్డి సన్న గొట్టాలకు అడ్డం పడుతుంది.

అసలు కారణం ఇదీ. అల్యూమినియం గాలి తగలగానే తన మీద తాను ఆక్సైడు పొర కట్టుకుంటుంది. ఆ పొర పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 దాకా నిలబడుతుంది. అంతకంటే క్షారమైతే కరగడం మొదలవుతుంది. క్లోరైడు ఆ పొరకు చిల్లులు పెడుతుంది. రాగి, ఇత్తడి భాగాల నుంచి కరిగిన రాగి అణువులు వచ్చి అల్యూమినియం మీద కూర్చుంటే, కూర్చున్న ప్రతిచోటా ఒక చిన్న బ్యాటరీ తయారవుతుంది. కొన్ని కూలెంట్ల పీహెచ్ 9, 10 ఉన్నా అల్యూమినియం నిలబడుతుందంటే వాటిలోని సిలికేటు లాంటి మందులు దాని మీద వేరే పొర కట్టడం వల్లే.

డిస్టిల్డ్ వాటర్ ఐదు లీటర్లు 125, కూలెంట్ కాన్సంట్రేట్ లీటరు 320, బోల్టులు, రేకు 60.
ఇప్పటివరకు ఖర్చు: 2,485.

డిస్టిల్డ్ వాటర్ బదులు వాడొచ్చా అని చాలామంది అడిగేది ఏసీ నుంచి కారే నీళ్ల గురించి. అవి మెత్తటి నీళ్లే. కానీ రాగి గొట్టాల మీద నుంచి, దుమ్ము మీద నుంచి జారి వస్తాయి. రాగి ఒక్క కణమూ లోపలికి వద్దని ఇంత చేస్తున్నప్పుడు పాతిక రూపాయల లీటరు దగ్గర ఆదా చేయడం నాకు నచ్చలేదు.

దశ 3: సున్నం కడగడం, హీటర్ కారడం

రేడియేటర్ కడగడానికి మన షాపుల్లో బట్టల సోడా గానీ కాస్టిక్ సోడా గానీ వాడతారు. రాగి, ఇత్తడి రేడియేటర్‌ని విడిగా విప్పి కడిగినప్పుడు అది నడిచింది. అల్యూమినియం ఇంజన్‌లో పోస్తే ఇంజన్నే కరిగిస్తుంది. చూద్దామని ఒక ముక్కను వేడి బట్టల సోడా నీళ్లలో వేస్తే వెంటనే బుడగలు లేచాయి. ఆ బుడగలు హైడ్రోజన్. అరగంటలో 38 మిల్లీగ్రాములు పోయింది, బోరు నీళ్లు రెండు వారాల్లో తిన్నంత. అదే అరగంట నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్లలో ఉంచితే 2 మిల్లీగ్రాములు. టాయిలెట్ కడిగే యాసిడ్ జోలికి అసలు పోవద్దు, అది హైడ్రోక్లోరిక్. అది వదిలే క్లోరైడు ఎంత కడిగినా మూలల్లో మిగులుతుంది.

నిమ్మ ఉప్పుతో చేసిన పద్ధతి:

1. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కి వదిలే వాల్వు) తీసేసి దాని మూత బిగించాలి. లేకపోతే నీళ్లు మొత్తం తిరగవు.
2. హీటర్ మీటను పూర్తిగా 'హాట్' వైపు తిప్పాలి.
3. లీటరుకు 30 గ్రాముల నిమ్మ ఉప్పు మినరల్ వాటర్ క్యాన్ నీళ్లలో కలిపి నింపాలి.
4. ఇంజన్ నడిపి, పై హోస్ పైపు చేత్తో పట్టుకోగలిగినంత వేడెక్కాక ఇరవై నిమిషాలకు మించకుండా ఉంచాలి.
5. మధ్యలో పీహెచ్ చూస్తుండాలి.
6. దించేసి వెంటనే మంచి నీళ్లతో కడగాలి. యాసిడ్‌ని రాత్రంతా వదిలేయకూడదు.

మొదటి విడత పీహెచ్ 2 దగ్గర మొదలై పది నిమిషాల్లో 5కి ఎక్కింది. అంటే సున్నం యాసిడ్‌ని మొత్తం తినేసింది, ఇంకా మిగిలే ఉంది. రెండో విడత 4 దగ్గర ఆగింది. ఆ తర్వాతిది చివరిదాకా 3 దాటలేదు. అక్కడితో ఆపాను. ఎప్పుడు ఆపాలో రంగు చూసి చెప్పలేం, తుప్పు రంగు చివరిదాకా వస్తూనే ఉంటుంది. పీహెచ్ పెరగడం ఆగిందా అన్నదే గుర్తు. కడగడానికీ అలాంటి గుర్తు ఉంది. పోసిన నీళ్ల టీడీఎస్‌కీ బయటికి వచ్చిన నీళ్ల టీడీఎస్‌కీ తేడా 30 లోపుకు వచ్చేదాకా కడిగాను.

ఈ దశలో దెబ్బ తగిలింది హీటర్ దగ్గర. పల్నాడులో కారు హీటర్ వేసుకునేవాళ్లు ఉండరు. ఏళ్ల తరబడి దాని వాల్వు మూసే ఉంది, లోపల నీళ్లు కదలక మడ్డి గట్టిపడింది. నిమ్మ ఉప్పు ఆ మడ్డిని కరిగించగానే ముందు సీటు కింద మ్యాటు తడిసింది. హీటర్ కోర్‌లో (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) సన్నటి చిల్లు ముందే ఉంది, సున్నం దానికి బిరడాలా అడ్డం పడి ఉంది. వారానికి పావు లీటరు ఎటు పోతోందో కూడా అప్పుడే తెలిసింది. సందుల్లోంచి చెమ్మగా వచ్చి, లోపలి వేడికి ఆరిపోతోంది.

కాబట్టి ఎవరు చేసినా ఈ కడగడం మొదలుపెట్టే ముందే హీటర్ కోర్, రేడియేటర్, వాటర్ పంపు మార్చాల్సి రావచ్చని డబ్బు పక్కన పెట్టుకోండి. కొంతకాలం హీటర్ రెండు పైపుల్నీ ఒక హోస్‌తో కలిపి నడిపాను. పైపుల మూతులు మూసేయడం కన్నా అది నయం. నీళ్లు కదలని చోట మందు ఖర్చైపోతుంది, కొత్త మందు అక్కడికి చేరదు, ఆ మూల నుంచే తినడం మొదలవుతుంది.

నిమ్మ ఉప్పు అరకిలో 140, క్యాన్ నీళ్లు 40.
ఇప్పటివరకు ఖర్చు: 2,665.

దశ 4: థర్మోస్టాట్ మెడ, మిగతా సామాన్లు

పై హోస్ పైపు ఎక్కే అల్యూమినియం మెడ అన్నిటికంటే ఎక్కువ దెబ్బతింది. హోస్ పీకితే కింద తెల్లటి పొడి, దాని కింద గుంటలు. వెర్నియర్‌తో చూస్తే బాగున్న చోట గోడ 4.1 మిల్లీమీటర్లు, గుంట దగ్గర 2.3. రబ్బరుకూ లోహానికీ మధ్య సన్నటి సందులో నీళ్లు ఇరుక్కుంటాయి. అక్కడ ఆక్సిజన్ అయిపోతుంది, క్లోరైడు పోగవుతుంది, ఆమ్లం పుడుతుంది. బయటి నుంచి చూస్తే క్లిప్పు బిగుతుగా, శుభ్రంగా కనిపిస్తుంది. హోస్ పీకితేనే తెలుస్తుంది.

మొదట గుంటల్ని గరుకు కాగితంతో శుభ్రం చేసి, వేడి తట్టుకునే ఎపాక్సీ నింపి, గుండ్రంగా రుద్ది బిగించాం. చల్లగా ఉన్నంతసేపు బాగుంది. ఇంజన్ వేడెక్కి చల్లారడం కొన్నిసార్లు జరిగాక క్లిప్పు కింద మళ్లీ తడి కనిపించింది. విప్పితే ఎపాక్సీ అంచు లోహం నుంచి పొరలా లేచి ఉంది. రెండూ వేడికి ఒకేలా సాగవు. పైగా గుంటల్లో మిగిలిన ఆక్సైడు మీద అది సరిగ్గా పట్టలేదు. గుంట అర మిల్లీమీటరు లోపు ఉంటే రుద్ది నునుపు చేసి వాడుకోవచ్చని, అంతకంటే లోతైతే మెడ మార్చడమే మేలని దీంతో తేలింది. విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల షాపులో మంచి మెడ 350కి దొరికింది. కొనే ముందు హోస్ ఎక్కే చోటంతా గోరుతో గీకి చూడండి, రంగు వేసి అమ్ముతారు.

క్లిప్పులు కూడా మార్చాను. స్క్రూ క్లిప్పు వేడికి రబ్బరు ఉబ్బినప్పుడు దాన్ని కోస్తుంది, చల్లారాక వదులవుతుంది. స్ప్రింగు క్లిప్పు రెండిటికీ తనే సర్దుకుంటుంది.

థర్మోస్టాట్ పరీక్ష తేలికే. గిన్నెలో నీళ్లు, థర్మామీటర్, థర్మోస్టాట్‌ని దారంతో వేలాడదీయడం. దాని మీద 82 అని ఉంది, అంటే 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. పాతది 91 దగ్గర కదిలి, మరిగే నీళ్లలో కూడా 3 మిల్లీమీటర్లే తెరుచుకుంది. కొత్తది 82 దగ్గర మొదలై 95కల్లా 8 మిల్లీమీటర్లు తెరిచింది. ముల్లు ఎక్కడానికి సగం కారణం ఇదే.

రేడియేటర్ విషయంలో కొంత తర్జనభర్జన జరిగింది. ఉన్నది రాగి, ఇత్తడిది, లోపల గొట్టాల్లో మూడో వంతు మూసుకుపోయాయి. దాన్నే విప్పి కడ్డీలతో గొట్టాలు తీయించి వాడొచ్చు. కానీ అల్యూమినియం ఇంజన్‌తో రాగి ఎంత తక్కువ తిరిగితే అంత మంచిది కాబట్టి అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకుల రేడియేటర్ వేశాను. హీటర్ కోర్ మాత్రం రాగి, ఇత్తడిదే దొరికింది. కూలెంట్‌లో ఉండే ట్రయజోల్ రకం మందు రాగిని కాపాడుతుంది, అది రాగిని నీళ్లలోకి కరగనివ్వదు. అల్యూమినియం రేడియేటర్ వేశాక ఇంక ఏ షాపులోనూ దాన్ని సోడాలో ముంచనివ్వకూడదు.

వాటర్ పంపు చిన్న రంధ్రం నుంచి తెల్లటి చార కనిపించింది. అంటే సీలు పోయింది. దానికి టైమింగ్ కవర్ విప్పాలి కాబట్టి టైమింగ్ బెల్టు కూడా మార్చేశాం. రేడియేటర్ క్యాప్ 0.9 కిలోలది (చదరపు సెంటీమీటరుకు అంత ఒత్తిడి ఆపేది) కొత్తది వేశాం. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లయినా 118 డిగ్రీల దాకా మరగవు. క్యాప్ స్ప్రింగు వదులైతే ఆ మేలు పోతుంది, నీళ్లు హెడ్డులో వేడి చోట్ల ఆవిరై ఆ అల్యూమినియాన్నే గీకుతాయి.

మెడ 350, థర్మోస్టాట్, ప్యాకింగ్ 420, ఎపాక్సీ 150, రేడియేటర్ 2,900, క్యాప్ 160, హోస్ పైపులు 780, క్లిప్పులు 120, వాటర్ పంపు 1,150, టైమింగ్ బెల్టు 650, హీటర్ కోర్ 900, కూలి 2,200.
ఈ దశకు 9,780. ఇప్పటివరకు ఖర్చు: 12,445.

దశ 5: ఎర్త్

సామాన్లన్నీ మారాక తాత్కాలికంగా డిస్టిల్డ్ వాటర్, కొద్దిగా కూలెంట్ పోసి వోల్టేజీ చూశాను. అన్నీ ఆపితే 0.07కి దిగింది. ఫ్యాను వేయగానే 0.33. రేడియేటర్ మారినా, నీళ్లు మారినా ఇది పోలేదు. కొత్త కూలెంట్ పోసి ఇక్కడితో ఆపేసి ఉంటే కొత్త అల్యూమినియం రేడియేటర్‌ని ఫ్యాను కరెంటు తినేసేది.

వెతికిన వరుస:

1. ఫ్యాను తిరుగుతుండగా ఫ్యాను నల్ల తీగ చివర నుంచి బ్యాటరీ మైనస్ దాకా వోల్టేజీ చూశాను: 0.52. మంచి ఎర్త్‌కి ఇది 0.1 లోపు ఉండాలి.
2. ఆ తీగ బోల్టు కింద పెయింటు ఉంది, లగ్గు (తీగ చివర బోల్టు కింద బిగించే లోహపు ముక్క) పచ్చగా చిలుమెక్కింది. గీకి, కొత్త లగ్గు వేసి బిగిస్తే 0.04.
3. ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ సగం పోగులు తెగి ఉంది. స్టార్టర్ తిప్పినప్పుడు ఇంజన్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.6 వోల్టులు వచ్చింది. కొత్త కేబుల్ వేశాక 0.1 లోపు.
4. మళ్లీ కూలెంట్‌లో తీగ ముంచి అన్నీ వేసి చూస్తే 0.08.

ఈ పనికి అయిన ఖర్చు 220 రూపాయలు. మొత్తం పనిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసింది ఇంకోటి లేదు. రేడియేటర్ మాటిమాటికీ చిల్లు పడుతోందని వరసగా కొత్తవి వేయిస్తున్నవాళ్లు ముందు ఈ నాలుగు కొలతలు తీయించండి.
ఇప్పటివరకు ఖర్చు: 12,665.

దశ 6: కూలెంట్ ఎంచుకోవడం, నింపడం

రంగు చూసి కొనొద్దు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అన్నీ కలిపే రంగులే, ఏ రంగు ఏ రకమో చెప్పే ప్రమాణం లేదు. డబ్బా వెనక ఐఎస్ 5759, జేఐఎస్ కే 2234, ఏఎస్‌టీఎమ్ డీ3306 లాంటి ప్రమాణాల్లో ఏదైనా ఉందో లేదో చూడండి. సిలికేటు మందులున్న పాత రకం అల్యూమినియాన్ని వెంటనే కాపాడుతుంది, రెండేళ్లకు మార్చాలి. సేంద్రియ ఆమ్లాల రకం ఎక్కువకాలం నిలుస్తుంది, దాని పొర మెల్లగా కడుతుంది. యూరప్ కంపెనీలు నీళ్లలో సున్నం ఎక్కువని ఫాస్ఫేటుకు దూరంగా ఉన్నాయి. జపాన్ కంపెనీలు సిలికేటు వద్దనుకుని ఫాస్ఫేటు, సేంద్రియ ఆమ్లాలు కలిపి వాడాయి. జెన్ ఇంజన్ సుజుకీది కాబట్టి జపాన్ రకమే తీసుకున్నాను. దానికి డిస్టిల్డ్ వాటర్ తప్పనిసరని సీసా అడుగున మడ్డి చూశాక వేరే చెప్పక్కర్లేదు. రెండు రకాలు కలిపి పోయకండి, ఒకదాని మందు ఇంకోదాన్ని పాడు చేయొచ్చు.

ఎంత శాతం? మనకు గడ్డ కట్టే చలి లేదు, అందుకని 50 అక్కర్లేదు. తుప్పు ఆపడానికి 30 శాతం కంటే తగ్గకూడదు. తర్వాత కొద్దిగా నీళ్లు కలిసినా ఆ గీత దాటకుండా 40 పెట్టుకున్నాను.

నింపేటప్పుడు ఒక చిక్కుంది. సిస్టమ్ మొత్తం 3.9 లీటర్లు పడుతుంది. కింద ప్లగ్గు తీస్తే బయటికి వచ్చేది 3 లీటర్ల లోపే. మిగతా నీళ్లు బ్లాకులో ఉండిపోతాయి. బయట 40 శాతం కలిపి పోస్తే లోపల 30కి పలుచనవుతుంది.

1. చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తోనే చేయాలి, లోపల మిగిలేది అదే కాబట్టి.
2. 3.9లో 40 శాతం అంటే 1.56 లీటర్లు. ముందు కాన్సంట్రేట్ 1.6 లీటర్లు నేరుగా పోయాలి.
3. మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి.
4. హీటర్ 'హాట్', బండి ముందు భాగం ఎత్తులో, క్యాప్ తీసి ఇంజన్ నడపాలి. బుడగలు ఆగేదాకా పోస్తుండాలి.
5. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగాక క్యాప్ పెట్టాలి.

మొదటి నింపులో హీటర్ కోర్‌లో గాలి ఇరుక్కుంది. ముల్లు సగం దాటినా హీటర్ నుంచి చల్లగాలే వచ్చింది. గాలి బుడగ నిలిచిన చోట హెడ్డు పొడిగా కాలుతుంది కాబట్టి వెంటనే ఆపేశాను. చల్లారాక హీటర్ పై హోస్ కొద్దిగా వదులు చేసి గాలి వదిలితే సరిపోయింది.

రిఫ్రాక్టోమీటర్ మైనస్ 24 డిగ్రీలు (ద్రవం గడ్డ కట్టే చోటు) చూపించింది, అంటే దాదాపు 40 శాతం. పీహెచ్ 8. వోల్టేజీ అన్నీ వేసి 0.07.

కాన్సంట్రేట్ రెండు లీటర్లు 640, డిస్టిల్డ్ వాటర్ 125.
మొత్తం ఖర్చు: 13,430.

దించిన కూలెంట్ కాలవలో పోయొద్దు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు, పశువులు నాకుతాయి, కొద్దిగా తాగినా కిడ్నీలు పోతాయి. మూత బిగించిన డబ్బాలో పోసి పిల్లలకూ గేదెలకూ అందని చోట పెట్టి, పాత ఆయిల్ తీసుకెళ్లేవాళ్లకు ఇచ్చాను.

దశ 7: ఎండాకాలం దాటాక

మే నెల ఎండలో ఏసీ వేసి నరసరావుపేట నుంచి విజయవాడ వెళ్లొచ్చినా ముల్లు సగం దాటలేదు. వర్షాలు పడ్డాక అన్నీ మళ్లీ కొలిచాను.

పీహెచ్ 8, మారలేదు. రిఫ్రాక్టోమీటర్ మైనస్ 23. వోల్టేజీ 0.08. కూలెంట్ రంగు తేటగానే ఉంది, రాత్రంతా సీసాలో ఉంచినా అడుగున ఏమీ తేరుకోలేదు. పై హోస్ పీకి మెడ చూశాను. తెల్లపొడి లేదు. లోహం మీద పలచటి బూడిదరంగు పొర ఉంది. అది మందు కట్టిన పొర, దాన్ని గీకకూడదు.

రిజర్వ్ ట్యాంకులో మట్టం ఒక సెంటీమీటరు తగ్గింది. హీటర్ కింది హోస్ దగ్గర పాత స్క్రూ క్లిప్పు ఒకటి మిగిలిపోయింది, అక్కడ చెమ్మ ఉంది. దాన్నీ స్ప్రింగు క్లిప్పుకి మార్చాను.

ఇక ప్రతి ఆరు నెలలకూ పీహెచ్, రిఫ్రాక్టోమీటర్, వోల్టేజీ చూడాలి. పీహెచ్ 7.5 లోపుకు దిగితే గ్లైకాల్ కుళ్లి ఆమ్లం పుడుతోందని అర్థం, అప్పుడు గడువుతో పనిలేకుండా మొత్తం మార్చేస్తాను. డిక్కీలో 40 శాతం కలిపిన లీటరు సీసా పెట్టాను. రేడియేటర్ క్యాప్‌కి "నీళ్లు పోయొద్దు, డిక్కీలో సీసా ఉంది" అని రాసిన రేకు ముక్క కట్టాను, సర్వీసుకు ఇచ్చినప్పుడు ఎవరో ఒకరు పైపు పట్టుకొచ్చి నింపేయకుండా.